పార్కుల జోలికి పోకుండా డిస్నీ హోటల్లో ఉండాలంటే ఏది తీసుకోవాలి?

ఓర్లాండో డిస్నీ వరల్డ్ హోటళ్ళ గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఒకటే, ఏ పార్కుకి ఏ హోటల్ దగ్గర, ఎక్కడ దిగితే పొద్దున్నే లైన్లో ముందుండొచ్చు అని. పార్కులకి వెళ్ళేవాళ్ళకి అది సరైన లెక్కే. కానీ పార్కుల ఊసే లేకుండా హోటల్లో హాయిగా నాలుగు రోజులు ఉండి వద్దామనుకునేవాళ్ళకి ఆ లెక్క మొత్తం తిరగబడుతుంది. ఈ సంగతి విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే రాస్తున్నాను.

పార్కులకి వెళ్ళనప్పుడు డిస్నీకి ఎందుకు అని చాలామంది అడుగుతారు, మమ్మల్నీ అడిగారు. మా ఇంట్లో కారణం మా అమ్మానాన్నలు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, ఫ్లోరిడా ఎండలో పొద్దున్నుంచి రాత్రిదాకా నడవడం వాళ్ళ వల్ల కాదు, వీల్‌చైర్ అంటే నాన్నగారు ససేమిరా అంటారు. పిల్లలు పార్కులు ఇంతకుముందే చూశారు. మాకు కావాల్సింది అందరం ఒకచోట కూర్చోగలిగే సెలవు. ఇంకా చంటిపిల్లలున్నవాళ్ళు, నెలలు నిండుతున్న ఆడవాళ్ళు, పోర్ట్ కెనావరల్‌లో క్రూయిజ్ ఎక్కే ముందు ఒకటి రెండు రోజులు ఖాళీ ఉన్నవాళ్ళు, భార్యో భర్తో కాన్ఫరెన్స్‌కి వస్తే తోడు వచ్చినవాళ్ళు, ఇలా పార్కు టికెట్ కొనని వాళ్ళు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంటారు. ఒక్క రోజు టికెట్ మనిషికి వంద డాలర్లు దాటి చాలా కాలమైంది, అయిదారుగురు ఉన్న కుటుంబం ఆ డబ్బు మిగిల్చి మంచి గది మీద పెట్టడంలో తప్పేమీ లేదు. టికెట్ లేకుండా హోటల్ ఇస్తారా అని సందేహం ఉన్నవాళ్ళకి: ఇస్తారు. గది మాత్రమే బుక్ చేసుకోవచ్చు. డిస్నీ బస్సులు, మోనోరైలు, పడవలు, స్కైలైనర్ అనే రోప్‌వే, వీటిలో దేనికీ పార్కు టికెట్ అడగరు, డబ్బూ తీసుకోరు.

ఇప్పుడు అసలు విషయం. డిస్నీ హోటల్ అద్దెలో గది ఖరీదు ఒక్కటే ఉండదు. పార్కు తెరిచే టైముకి అరగంట ముందే లోపలికి వెళ్ళే వీలు, డీలక్స్ అనే ఖరీదైన రకం హోటళ్ళలో దిగినవాళ్ళకి కొన్ని రాత్రులు పార్కు మూశాక కూడా ఉండే వీలు, రైడ్ల దగ్గర పెద్ద లైన్ తప్పించే లైట్నింగ్ లేన్ పాసులు బయటివాళ్ళు 3 రోజుల ముందు తీసుకుంటే హోటల్లో ఉండేవాళ్ళు 7 రోజుల ముందే తీసుకునే వీలు, ఇవన్నీ ఆ అద్దెలో కలిసే ఉంటాయి. అన్నిటికంటే పెద్దది చోటు. కాంటెంపరరీ, పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ ఈ మూడు హోటళ్ళూ మోనోరైలు మీద, మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కు పక్కనే ఉన్నాయి కాబట్టి వాటికి ఆ రేటు. పార్కుకి అయిదు నిమిషాల్లో చేరుకునే సౌకర్యానికి రాత్రికి వందల డాలర్లు ఎక్కువ కడుతున్నామన్నమాట. పార్కుకే వెళ్ళనప్పుడు ఆ డబ్బు దేనికి? అదే డబ్బుకి, ఇంకా తక్కువకి కూడా, గది కిటికీ తెరిస్తే ఏం కనిపిస్తుంది, పూల్ ఎలా ఉంది, సాయంత్రం నడవడానికి దారి ఉందా, హోటల్ దాటకుండా మూడు పూటలా తినగలమా అని చూసుకుని ఎంచుకోవచ్చు.

అలా చూస్తే నా దృష్టిలో మొదటి స్థానం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌ది. రెండో ఆలోచన లేదు.

పార్కులకి వెళ్ళేవాళ్ళు ఈ హోటల్ మీద చెప్పే ఫిర్యాదు ఒక్కటే, అన్నిటికీ దూరం అని. మోనోరైలు లేదు, పడవ లేదు, రోప్‌వే లేదు, ఎక్కడికైనా బస్సే. ఆ దూరమే మనకి కలిసొస్తుంది. 2001లో తెరిచిన ఈ హోటల్‌ని ఆఫ్రికాలో పశువుల దొడ్డి చుట్టూ ఇళ్ళు కట్టుకునే పద్ధతిలో వంపు తిరిగేట్టు కట్టారు, ఆ వంపుల మధ్య గడ్డి మైదానాలు వదిలారు, వాటిలో 30కి పైగా జాతులవి, 200కి పైగా జంతువులు తిరుగుతుంటాయి. జిరాఫీలు, జీబ్రాలు, రకరకాల జింకలు, బారెడు కొమ్ముల ఆంకోలీ ఆవులు. మీ గది మైదానం వైపు ఉంటే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చోవడమే, సఫారీ టికెట్ అక్కర్లేదు.

మేమున్నప్పుడు అమ్మ అలవాటు ప్రకారం అందరికంటే ముందు లేచి బాల్కనీలోకి వెళ్ళింది. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు, కింద గడ్డిలో మంచు పొర. ఒక జిరాఫీ చెట్టుకి కట్టిన మేతని నాలుకతో ఒక్కో ఆకూ లాక్కుని తింటూ ఉంది, ఆ నాలుక నల్లగా, పొడుగ్గా ఉండటం అంత దగ్గర నుంచి కనిపిస్తోంది. అమ్మ లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి, "ఏవండీ, ఒక్కసారి ఇటు రండి, చప్పుడు చెయ్యకండి" అని నాన్నగారిని లేపింది. ఇద్దరూ కాఫీ కూడా మర్చిపోయి గంటసేపు అక్కడే ఉన్నారు. ఆంకోలీ ఆవు నడుస్తూ వస్తే నాన్నగారు దాని కొమ్ముల గురించి, చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న ఎద్దుల గురించి పిల్లలకి చెప్పుకుంటూ పోయారు, పిల్లలు ఫోన్ పక్కన పెట్టి విన్నారు. ఆ ఒక్క పొద్దుటికి గది అద్దె మొత్తం పెట్టినా నాకు బాధ లేదు.

బుక్ చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. గదుల రకాల్లో "సవానా వ్యూ", అంటే మైదానం కనిపించేది, అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. స్టాండర్డ్ వ్యూ అంటే పార్కింగో, చెట్లో, ఇంటి కప్పో ఏదైనా కావచ్చు. పూల్ వ్యూ అంటే పూలే. సవానా వ్యూ గది మామూలు రేటు రాత్రికి 500 డాలర్లు దాటుతుంది, పండగ సీజన్లో ఇంకా బాగా పెరుగుతుంది, దాని మీద 12.5 శాతం పన్ను. బడ్జెట్ కుదరకపోతే స్టాండర్డ్ గది తీసుకున్నా పూర్తిగా నష్టం లేదు, ఎందుకంటే లాబీ వెనక నుంచి మైదానంలోకి చొచ్చుకెళ్ళే రాతి దిబ్బ, అక్కడక్కడా చూసే చోట్లు అందరికీ తెరిచే ఉంటాయి, రాత్రిళ్ళు చీకట్లో చూసే కళ్ళద్దాలతో జంతువులని చూపించే కార్యక్రమం కూడా ఉంటుంది. కాకపోతే నైట్‌డ్రెస్‌లో బాల్కనీలో కూర్చుని చూడటం వేరు, చెప్పులేసుకుని లిఫ్ట్ దిగి వెళ్ళి చూడటం వేరు. పెద్దవాళ్ళు ఉంటే గది నుంచే కనిపించాలి. జంతువులు ఏ టైములో ఎటు ఉంటాయో ఎవరూ హామీ ఇవ్వలేరు, అయితే పొద్దున్నా సాయంత్రం చల్లబడ్డాకా కదలిక బాగుంటుంది.

ఈ హోటల్లో రెండు భవనాలున్నాయి, జాంబో హౌస్, కిదానీ విలేజ్. జాంబోలో లాబీ చూస్తేనే కడుపు నిండిపోతుంది, రెస్టారెంట్లు ఎక్కువ అక్కడే. కిదానీ ప్రశాంతంగా ఉంటుంది, కారు పార్కింగ్ భవనం కిందే ఉంటుంది కాబట్టి వానకి తడవక్కర్లేదు, కానీ వరండాలు ఎంత పొడుగంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి గది నుంచి లాబీకి రావడమే ఒక నడక. ముందే ఫోన్ చేసి లాబీకి దగ్గరగా గది కావాలని రాయించుకోండి. తప్పకుండా ఇస్తామని అనరు గానీ చాలాసార్లు చూస్తారు. రెండు భవనాల పూల్స్‌లోకీ మెట్లు దిగకుండా నేల వాలుగా నీళ్ళలోకి వెళ్ళే ఏర్పాటు ఉంది. అమ్మ జీవితంలో పూల్‌లో దిగనిది, మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి నిలబడింది.

తిండి విషయంలో మనవాళ్ళకి ఇక్కడ ఇంకో సుఖం ఉంది. కిదానీలో సనా అనే రెస్టారెంట్, ఆఫ్రికా వంటల్లో మన దేశపు మసాలాలు కలిపి వండుతారు. రకరకాల నాన్‌లు, వాటితో నంజుకోవడానికి వరసగా చిన్న గిన్నెల్లో తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్ళు తెచ్చిపెడతారు. శాకాహారులకి అదొక్కటే కడుపు నిండా సరిపోతుంది. కిటికీల అవతలే మైదానం, తింటుంటే జీబ్రాలు మేస్తూ కనిపిస్తాయి, వెలుతురు ఉండగా వెళ్ళండి, చీకటి పడ్డాక వెళ్తే సగం ఆనందం పోతుంది. జాంబోలో బోమా బఫే కూడా బాగుంటుంది, సూపులు చాలా రకాలుంటాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి, డిస్నీ రెస్టారెంట్లకి 60 రోజుల ముందు నుంచి రిజర్వేషన్ తీసుకుంటారు, హోటల్లో ఉండేవాళ్ళు దిగే రోజుకి 60 రోజుల ముందే తమ బస మొత్తానికి, గరిష్ఠంగా 10 రోజుల వరకు, ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. పార్కు సౌకర్యాలన్నీ మనకి పనికిరాకపోయినా ఇది మాత్రం పనికొస్తుంది, వదులుకోకండి.

పిల్లలకి మిక్కీని చూడాలని ఉంటుంది కదా అంటారా? దానికీ పార్కు అవసరం లేదు. పాత్రలు వచ్చి బల్ల దగ్గర పలకరించి ఫోటోలు దిగే భోజనాలు హోటళ్ళలోనే ఉన్నాయి. కాంటెంపరరీలో షెఫ్ మిక్కీస్, బీచ్ క్లబ్‌లో కేప్ మే టిఫిన్, రివియేరాలో టొపొలీనోస్ టెర్రస్ టిఫిన్, విల్డర్‌నెస్ లాడ్జ్‌లో స్నో వైట్‌తో రాత్రి భోజనం. మనిషికి ఖర్చు తక్కువేం కాదు, కానీ పార్కు ఎండలో గంటసేపు లైన్లో నిలబడి ఒక ఫోటో దిగేదానికంటే, ఏసీలో కూర్చుని తింటూ ఉంటే వాళ్ళే మన దగ్గరికి రావడం పెద్దవాళ్ళకీ పిల్లలకీ హాయి. ఏ రోజు ఏ పాత్రలు వస్తాయో మారుతుంటుంది, బుక్ చేసేముందు చూసుకోండి.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ దొరక్కపోతే నా రెండో మాట విల్డర్‌నెస్ లాడ్జ్. 1994లో తెరిచారు, యెల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో ఉండే పాత చెక్క లాడ్జిల తరహాలో కట్టారు, దీన్నీ యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌నీ గీసింది ఒకే ఆర్కిటెక్ట్, పీటర్ డొమినిక్. లాబీలో 82 అడుగుల ఎత్తున రాతి పొయ్యి ఉంది, దగ్గరికెళ్ళి చూస్తే రాళ్ళు రంగురంగుల వరసలుగా ఉంటాయి. గ్రాండ్ కెన్యన్‌లో భూమి పొరలు ఏ వరసలో ఉంటాయో అలాగే పేర్చారు, కింద ముదురు రంగు పాత రాళ్ళు, పైకి వెళ్ళేకొద్దీ కొత్త పొరలు. పొయ్యి ముందు ఊగే కుర్చీలు. అదే లాబీలో ఒక మూల వేడినీటి ఊట బుడబుడమంటూ మొదలై, చిన్న వాగై, గోడ కింద నుంచి బయటికి వెళ్ళి, బండల మీద జలపాతంలా దూకి పూల్ వైపు సాగుతుంది. నాన్నగారు ఆ నీళ్ళ వెంట లోపలి నుంచి బయటిదాకా నడిచి, అది నిజం వాగా కట్టిందా అని అక్కడి ఉద్యోగిని అడిగి మరీ తెలుసుకున్నారు. ఒడ్డున ఉండుండి ఆకాశంలోకి నీళ్ళు చిమ్మే గీజర్ కూడా ఉంది.

ఇక్కడి నుంచి చెట్ల మధ్య దారిలో ఫోర్ట్ విల్డర్‌నెస్‌కి నడిచో, సైకిల్ మీదో వెళ్ళొచ్చు, పడవ కూడా ఉంది. ఫోర్ట్ విల్డర్‌నెస్ అంటే 750 ఎకరాల క్యాంప్‌గ్రౌండ్, గుర్రాల శాల ఉంది, రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర చిప్, డేల్ ఉడతలు వచ్చి పాటలు పాడతారు, తర్వాత బయట తెర మీద సినిమా వేస్తారు, దీనికి పైసా తీసుకోరు. వేరే హోటల్లో ఉన్నవాళ్ళు కూడా రావచ్చు. అందరం వెళ్ళి చెక్క బెంచీల మీద కూర్చున్నాం, పిల్లలు మార్ష్‌మెలోలు కాల్చుకుని మొహమంతా పూసుకున్నారు, పార్కులో ఇంత సేపు అందరం ఒకేచోట కూర్చున్న జ్ఞాపకం నాకు లేదు.

సరస్సుల గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని హోటళ్ళకి తెల్లటి ఇసుకతో బీచ్ ఉంటుంది, ఆ ఇసుకలో కూర్చోవడానికే, నీళ్ళలో దిగకూడదు. 2016లో గ్రాండ్ ఫ్లోరిడియన్ ఒడ్డున మొసలి జాతి ఆలిగేటర్ దాడిలో ఒక పసివాడు చనిపోయాడు, ఆ తర్వాత ఒడ్డంతా రాళ్ళ కట్టలు, బోర్డులు పెట్టారు. చిన్నపిల్లలని చీకటి పడ్డాక ఒడ్డు దగ్గరకి వదలొద్దు.

పూల్ కోసమే వెళ్ళేవాళ్ళయితే లెక్క వేరు, యాట్ క్లబ్, బీచ్ క్లబ్ చూడండి. ఆ రెండింటికీ కలిపి స్టార్మలాంగ్ బే అని మూడెకరాల పూల్ ఉంది, అడుగున నిజం ఇసుక, మెల్లగా నీటి ప్రవాహంలో తేలుతూ వెళ్ళే కాలువ, పాడైపోయిన ఓడలోంచి జారే పొడవాటి స్లైడ్. ఈ రెండు హోటళ్ళలో ఉన్నవాళ్ళని తప్ప వేరేవాళ్ళని రానివ్వరు, చేతికి పట్టీ కడతారు. డిస్నీలో ఒక హోటల్లో దిగి ఇంకో హోటల్ పూల్ వాడుకుందామంటే మామూలుగా కుదరదు, కాబట్టి మీకు నచ్చిన పూల్ ఉన్న హోటల్లోనే దిగాలి. పూల్స్‌ని అప్పుడప్పుడు నెలల తరబడి మరమ్మతులకి మూస్తారు కూడా, పూల్ కోసం వెళ్ళి పూల్ మూసి ఉంటే అంతకంటే బాధ లేదు, తేదీలు ఖాయం చేసేముందు ఇది తప్పకుండా కనుక్కోండి. ఈ హోటళ్ళ ఇంకో బలం చుట్టూ నడక దారి. క్రెసెంట్ లేక్ అనే చిన్న సరస్సు చుట్టూ బోర్డ్‌వాక్, స్వాన్, డాల్ఫిన్ హోటళ్ళు, సాయంత్రం చల్లబడ్డాక ఒక చుట్టు వేస్తే మంచి వాకింగ్, మధ్యలో ఐస్‌క్రీమ్ కొట్లు, ఎక్కడ అలిసిపోతే అక్కడ పడవ ఎక్కేయొచ్చు.

స్వాన్, డాల్ఫిన్ డిస్నీ స్థలంలోనే ఉన్నా నడిచేది మారియట్ అనే హోటళ్ళ సంస్థ కింద, మారియట్ పాయింట్లు పోగేసుకున్నవాళ్ళు వాడుకోవచ్చు. అయితే అక్కడ రోజుకింత అని రిసార్ట్ ఫీజు, కారుకి పార్కింగ్ విడిగా వేస్తారు. డిస్నీ సొంత హోటళ్ళలో రిసార్ట్ ఫీజు లేదు, ఉండేవాళ్ళకి పార్కింగ్ 2023 నుంచి మళ్ళీ ఉచితం చేశారు. రెండు వైపులా మొత్తం బిల్లు వేసుకుని అప్పుడు పోల్చండి.

మధ్యస్థంగా ఖర్చు పెట్టేవాళ్ళకి పోర్ట్ ఓర్లీన్స్ చెబుతాను. రెండు భాగాలు, ఫ్రెంచ్ క్వార్టర్, రివర్‌సైడ్. ఈ రకం హోటళ్ళలో గదులు సుమారు 314 చదరపు అడుగులు, బాల్కనీ ఉండదు, తలుపు తెరిస్తే బయటి వరండా. కానీ పక్కనే చిన్న నది, దాని మీద డిస్నీ స్ప్రింగ్స్‌కి పడవ. డిస్నీ స్ప్రింగ్స్ అంటే దుకాణాలు, రెస్టారెంట్లు ఉండే వీధులు, అక్కడికి టికెట్ లేదు. ఆ పడవ ప్రయాణమే పెద్దవాళ్ళకి ఒక షికారు. రెండింటిలో ఫ్రెంచ్ క్వార్టర్ చిన్నది, అన్నీ నాలుగడుగుల్లో ఉంటాయి, లిఫ్టులున్నాయి, పెద్దవాళ్ళతో వెళ్తే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి. రివర్‌సైడ్‌లో ఆలిగేటర్ బయూ అనే వైపు రెండంతస్తుల ఇళ్ళకి లిఫ్ట్ లేదు, అక్కడైతే కింది గది కావాలని ముందే అడగండి.

ఆల్ స్టార్, పాప్ సెంచరీ లాంటి చవక హోటళ్ళ మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. రాత్రి పది దాటాక వచ్చి పడుకుని, పొద్దున్నే పార్కుకి పరిగెత్తేవాళ్ళకి అవి బ్రహ్మాండం. రోజంతా హోటల్లోనే ఉండేవాళ్ళకి మాత్రం 260 చదరపు అడుగుల గది, బాల్కనీ లేకపోవడం, వరండాలో పిల్లల పరుగులు, కూర్చుని తినే రెస్టారెంట్ లేకపోవడం రెండో రోజుకే విసుగు పుట్టిస్తాయి. అక్కడ నాలుగు రాత్రులుండే డబ్బు ఉంటే, మంచి హోటల్లో రెండు రాత్రులుండి రండి. పార్కుకి వెళ్ళనప్పుడు హోటలే మీ పార్కు, అక్కడ పిసినారితనం చూపిస్తే మొత్తం సెలవే చిన్నబోతుంది.

అయితే డీలక్స్ గదికి పూర్తి రేటు కట్టక్కర్లేదు, ఒక దారి ఉంది. డిస్నీ వెకేషన్ క్లబ్ అని 1991లో మొదలుపెట్టిన సభ్యత్వ పథకం ఉంది, సభ్యులకి ఏటా పాయింట్లు వస్తాయి, వాడుకోలేని సంవత్సరం వాళ్ళు వాటిని వేరేవాళ్ళకి అద్దెకిస్తారు. మధ్యవర్తి సంస్థల ద్వారా ఆ పాయింట్లతో కిదానీలోనో, ఓల్డ్ కీ వెస్ట్ అనే ఇంకో డిస్నీ హోటల్లోనో గది తీసుకుంటే మామూలు రేటు కంటే చాలావరకు తగ్గుతుంది. వన్ బెడ్‌రూమ్ విల్లా అయితే పూర్తి వంటిల్లు, వాషింగ్ మెషీన్ కూడా ఉంటాయి. రోజూ మూడు పూటలా బయటి తిండి పడని అమ్మానాన్నలు ఉన్న ఇంటికి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు, అన్నం, పప్పు, పెరుగు ఉంటే చాలు, వాళ్ళకి ఎక్కడైనా ఇల్లే. ఇబ్బంది ఏంటంటే, ఇలా తీసుకున్నవి రద్దు చేస్తే డబ్బు వెనక్కి రావడం కష్టం, ప్రయాణం ఖాయమైతేనే ఈ దారి. డిస్నీ దగ్గర నేరుగా గది మాత్రమే బుక్ చేస్తే కొన్ని రోజుల ముందు వరకూ రద్దు చేసుకోవచ్చు, ఆ నిశ్చింత వేరు. పెద్దవాళ్ళ ఆరోగ్యం మీద టెన్షన్ ఉన్నవాళ్ళు ఆ తేడా ముందే ఆలోచించుకోవాలి.

మోనోరైలు హోటళ్ళలో దిగొద్దన్నాను గానీ చూడొద్దనలేదు. ఒక సాయంత్రం వాటికే కేటాయించండి. కాంటెంపరరీ భవనం మధ్యలోంచి మోనోరైలు దూసుకెళ్ళడం 1971 నుంచీ ఉన్న ముచ్చటే అయినా ఇప్పటికీ పిల్లలు నోరు తెరిచి చూస్తారు. పాలినేషియన్ ఒడ్డున ఇసుకలో కూర్చుంటే అవతల మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా కనిపిస్తుంది, వాతావరణం బాగున్న రాత్రి సరస్సు మీద దీపాల బొమ్మల ఊరేగింపు కూడా వస్తుంది, అదీ 1971 నాటిదే. అక్కడికి వెళ్ళే దారి మాత్రం కొంచెం చుట్టు తిరుగుడు. ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సులుండవు, మ్యాజిక్ కింగ్‌డమ్ బస్సెక్కి, గేటు లోపలికి వెళ్ళకుండా అక్కడే మోనోరైలు మారాలి. ఎలా లేదన్నా గంట పట్టొచ్చు. కారు ఉంటే తొందరగా వెళ్ళొచ్చు గానీ రద్దీ రోజుల్లో ఆ హోటళ్ళ గేటు దగ్గర భోజనం రిజర్వేషన్ ఉందా అని అడుగుతారు, కాబట్టి అక్కడ ఏదో ఒక భోజనం బుక్ చేసుకుని వెళ్ళడం మేలు. అసలు పార్కుల్లేని బసకి కారు ఉండటమే మంచిది, ఎయిర్‌పోర్ట్ నుంచి డిస్నీ ఇదివరకు ఉచితంగా నడిపిన బస్సు 2022 నుంచి లేదు.

ఓర్లాండోలోనే ఉన్న ఇంకో పార్కుల సంస్థ యూనివర్సల్ హోటళ్ళ వైపు చూసేవాళ్ళకి ఒక్క మాట. పోర్టొఫీనో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ ఈ మూడింటి అద్దెలో పార్కు లైన్లు దాటించే ఎక్స్‌ప్రెస్ పాస్ కలిసి ఉంటుంది, పార్కుకి వెళ్ళనివాళ్ళు దానికి డబ్బు కట్టి వదిలేసినట్టే. పోర్టొఫీనో ఇటలీ ఊరిలా ఎంత అందంగా ఉన్నా నాకు ఆ లెక్క మింగుడు పడదు. అక్కడైతే కబానా బే నయం, పూల్స్, తేలుతూ వెళ్ళే కాలువ, లోపలే బౌలింగ్, కుటుంబానికి సరిపడే సూట్లు, రేటు కూడా చాలా తక్కువ.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, పార్కులు ఖాళీగా ఉన్నాయా లేదా అని మనం చూడక్కర్లేదు కదా, గది రేటు, వాతావరణం చూస్తే చాలు. క్రిస్మస్, న్యూ ఇయర్, ఈస్టర్ వారాలు వదిలేయండి. ఆగస్టు చివర్నుంచి సెప్టెంబర్ దాకా రేట్లు దిగుతాయి, కానీ అవి తుఫాన్ల రోజులు, పైగా దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన. మెరుపు దగ్గర్లో ఉంటే పూల్ మూసేస్తారు, పూల్ మీదే ఆశ పెట్టుకున్నవాళ్ళు పొద్దున్నే ఈదేసి మధ్యాహ్నం పడుకోవడమే. నాకైతే జనవరి మధ్య నుంచి చివరిదాకా ఇష్టం, సెలవు దినం కలిసిన వారాంతాలు తప్పించి. చలి ఉన్నా పూల్ నీళ్ళు వేడి చేస్తారు, పెద్దవాళ్ళు ఎండకి సొమ్మసిల్లిపోతారేమో అన్న భయం ఉండదు.

దిగే రోజు, బయల్దేరే రోజు రెండూ పూర్తిగా వాడుకోండి. గది మధ్యాహ్నం 3కి ఇస్తారు, విల్లాలైతే 4కి, కానీ పొద్దున్నే వెళ్ళి సామాను వాళ్ళకి అప్పగించి పూల్, రెస్టారెంట్లు అన్నీ వాడుకోవచ్చు. ఖాళీ చెయ్యాల్సింది ఉదయం 11కి, ఆ తర్వాత కూడా అంతే, సామాను అక్కడే పెట్టి విమానం టైముదాకా హోటల్లోనే ఉండొచ్చు. దిగిన రోజు డిస్నీ వాటర్ పార్కుకి ఉచితంగా పంపే పద్ధతి 2025లో పెట్టారు, మీరు వెళ్ళే తేదీకి అది ఉందో లేదో చూసుకోండి. స్విమ్ డ్రెస్సులు, పెద్దవాళ్ళ మందులు మాత్రం చేతి సంచీలో విడిగా పెట్టుకోండి, పెద్ద పెట్టెల్లో సర్దితే గది ఇచ్చేదాకా అవి మీ చేతికి రావు.